మెచ్చుకోళ్లు చాలు, సమీక్షలు కావాలి

2021 ఆగస్టులో 'రోలింగ్ స్టోన్ ఇండియా' పత్రిక ముఖచిత్రం మీద ఇద్దరు తమిళ కళాకారులు కనిపించారు: ధీ, షాన్ విన్సెంట్ డి పాల్. వాళ్లను ఆ ముఖచిత్రం దాకా తెచ్చిన పాటలు 'ఎంజాయ్ ఎంజామి', 'నీయే ఒళి'. రెండింటి రచనలోనూ అరివు చెయ్యి ఉంది. 'ఎంజాయ్ ఎంజామి'ని ధీతో కలిసి పాడింది కూడా ఆయనే. శ్రీలంక తేయాకు తోటల్లో కూలి చేసిన తన అవ్వల తరం బతుకును ఆయన ఆ పాటలోకి తెచ్చాడు. ముఖచిత్రం మీద మాత్రం ఆయన లేడు. దర్శకుడు పా. రంజిత్ బహిరంగంగా నిలదీసి, చర్చ రేగిన తర్వాతే పత్రిక అరివుతో ఇంకో డిజిటల్ ముఖచిత్రం వేసింది.

ఈ ఘటనను మనం కుల వివక్షగా చర్చించాం. అది సరైనదే. అయితే చర్చ అక్కడే ఆగింది. మరుసటి ఏడాది ఆ పాటలో ఎవరి పని ఎంత అన్న విషయంపై అరివు ఒక మాట, సంగీత దర్శకుడు సంతోష్ నారాయణన్ ఇంకో మాట చెప్పారు. అప్పుడు మన దగ్గర కోపం ఉంది, అభిమానం ఉంది. ఆ పాట సంగీతాన్ని విడదీసి చూపే రాత మాత్రం దాదాపు లేదు. ఒప్పారి ఏడుపు పాట పోకడ ఎక్కడ మొదలైంది, బీట్ దాన్ని ఎక్కడ మోసింది, ర్యాప్ ఎక్కడ మలుపు తిప్పింది అని ఓపికగా విన్నవాళ్లు ఎందరు? కొత్త ఆల్బమ్‌ల సమీక్షను మనం ఒక పనిగా చేపట్టకపోవడం వల్ల జరిగే నష్టం ఇదే.

మొదట పేర్ల సంగతి చూద్దాం. సమీక్షకుడు ఆల్బమ్ వినడానికి ముందే దాన్ని ఒక గడిలో పెడతాడు. పాప్, రాక్, ఫోక్, హిప్ హాప్ అనే ఈ గడులు సంగీతం నుంచే పుట్టాయనుకుంటాం. అమెరికా చరిత్ర వేరే మాట చెబుతుంది. 1920లలో నల్లవాళ్ల పాటలను 'రేస్ రికార్డ్స్' అనే పేరుతో విడిగా అమ్మారు. 1949లో 'బిల్‌బోర్డ్' పత్రిక ఆ పేరు తీసేసి 'రిథమ్ అండ్ బ్లూస్' అంది. పేరు మారినా గోడ అలాగే ఉంది. 2024లో బియాన్సే 'కౌబాయ్ కార్టర్' విడుదల చేసినప్పుడు ఆ గోడ మళ్లీ కనిపించింది. బాంజో వాయిద్యం మూలాలు ఆఫ్రికాలో ఉన్నా, కంట్రీ సంగీతాన్ని తెల్లవాళ్ల సొత్తుగానే చూస్తారు. ఆ ఏడాది కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ అవార్డుల్లో ఆ ఆల్బమ్‌కు ఒక్క నామినేషన్ కూడా దక్కలేదు. 2025 ఫిబ్రవరిలో అదే ఆల్బమ్ గ్రామీల్లో ఉత్తమ కంట్రీ ఆల్బమ్‌గా, ఆ ఏడాది ఉత్తమ ఆల్బమ్‌గా రెండు అవార్డులు గెలిచింది. ఒకే సంగీతానికి రెండు తీర్పులు వచ్చాయి. తేడా ఎక్కడుందో వేరే చెప్పాలా?

మన దేశంలో ఈ గోడ కులం. జలంధర్ నుంచి గిన్నీ మాహీ అనే అమ్మాయి గురు రవిదాస్ మీద, బాబాసాహెబ్ మీద పాడి యూట్యూబ్‌లో లక్షలమందికి చేరితే, మీడియా ఆమె సంగీతాన్ని 'చమార్ పాప్' అంది. ఆమె తన కులం పేరును గర్వంగా చెప్పుకుంది. అది ఆమె ఆత్మగౌరవం. ఒక సంగీత శాఖకే కులం పేరు తగిలించి చేతులు దులుపుకోవడం సమీక్షకుల సోమరితనం. ఏ అగ్రకుల గాయకుడి ఆల్బమ్‌నైనా ఎవరైనా 'బ్రాహ్మణ పాప్' అన్నారా? అవతల ఉన్నది 'సంగీతం', ఇవతల ఉన్నది 'సామాజిక విషయం'!

2018 జనవరిలో చెన్నై కీల్పాక్‌లో 'క్యాస్ట్‌లెస్ కలెక్టివ్' మొదటి కచేరీ చేసింది. అయోతీదాస్ పండితర్ వాడిన 'కులంలేని తమిళులు' అన్న భావన నుంచి వచ్చిన పేరది. ఉత్తర చెన్నై వాడల్లో చావు ఇళ్ల దగ్గర పాడే గానాను, పరై డప్పును, గిటార్లను, ర్యాప్‌ను ఒకే వేదిక మీదికి తేవడం చిన్న పని కాదు. చేత్తో, పుల్లలతో కొట్టే తోలు వాద్యాల శబ్దాన్ని ఎలక్ట్రిక్ గిటార్ మింగేయకుండా ఎలా నిలబెట్టారు? గానా పాటకుడి సాగదీతకు డ్రమ్ముల లెక్క ఎలా కుదిరింది? సంగీత దర్శకుడు టెన్మా ముందున్న అసలు చిక్కులు ఇవి. చాలా రాతలు 'నిరసన బృందం' అనే ముద్ర వేసి అక్కడే ఆగిపోయాయి.

తప్పు అవతలివాళ్లదే అనుకుంటే సుఖంగా ఉంటుంది. మనం చేస్తున్నదీ చూసుకుందాం. డిసెంబర్ 6న ముంబయి చైత్యభూమి దగ్గర, ధమ్మచక్ర దినాన నాగపూర్ దీక్షాభూమి దగ్గర భీమగీతాలు క్యాసెట్లుగా, తర్వాత సీడీలుగా దశాబ్దాల పాటు గుట్టలుగా అమ్ముడుపోయాయి. ఇప్పుడవి యూట్యూబ్‌లోకి వచ్చాయి. ఏప్రిల్ 14కు మన తెలుగు వాడల్లోనూ కొత్త పాటలు వస్తాయి. మనం వాటిని షేర్ చేస్తాం, 'జై భీమ్' అని కామెంట్ పెడతాం. వాటిలో ఏది కొత్తగా ఉంది, ఏది పాత సినిమా బాణీకి కొత్త మాటలు అతికించింది, ఏ గొంతుకు ఆటోట్యూన్ ద్రోహం చేసింది అని రాయం. రాస్తే ఉద్యమానికి నష్టమని భయం. నిజానికి నష్టం రాయకపోవడం వల్లే. లోపం చెప్పదగినంత విలువ మన కళాకారుడికి మనమే ఇవ్వకపోతే ఇంకెవరిస్తారు?

అరివు ఆల్బమ్‌లనే తీసుకుందాం. ఆఫ్రోతో కలిసి 2019లో తెచ్చిన 'తెరుక్కురల్' పేరులోనే తిరుక్కురళ్‌ను వీధిలోకి దించే చమత్కారం ఉంది. అందులో మాటకు పదును ఎక్కువ. కానీ ఒకే ఎత్తులో సాగే ఆవేశం కొన్నిచోట్ల వినేవాళ్లకు ఊపిరి తీసుకునే చోటివ్వదు. 2024లో వచ్చిన 'వల్లియమ్మ పేరాండి', అంటే వల్లియమ్మ మనవడు, ఆ లోటును తీర్చే దిశలో నడిచింది. కోపం పక్కన ప్రేమ, ఆట, జ్ఞాపకం చేరాయి. నా అంచనాతో మీరు విభేదించవచ్చు. అలా విభేదించుకోవడం నుంచే విమర్శ పుడుతుంది.

తెలుగులో పరిస్థితి ఇంకా పలుచన. ఇక్కడ ఆల్బమ్ అంటే సినిమా పాటలే. సమీక్ష అంటే 'ట్యూన్ బాగుంది, హుక్ లైన్ పేలింది' అనడమే. 2021లో 'భీమ్లా నాయక్' టైటిల్ పాట మొదట్లో దర్శనం మొగులయ్య గొంతు వినిపించింది. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. వెదురుకు సొరకాయ బుర్రలు కట్టి చేసిన పన్నెండు మెట్ల కిన్నెర ఏ స్వరాలు పలుకుతుందో ఎన్ని సమీక్షలు రాశాయి? గోరటి వెంకన్న 'వల్లంకి తాళం'కు 2021 సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. కవిగా ఆయన్ను చదివారు, ఆయన బాణీలను విన్న విమర్శ ఎక్కడ? 'సారంగ దరియా' వచ్చినప్పుడు జానపదం ఎవరిదన్న గొడవ టీవీ చర్చగా ముగిసింది. పాట మీద హక్కు సమీక్షలో భాగమని ఎవరికీ తోచలేదు.

2012 కాపీరైట్ సవరణ పాట రాసినవాళ్లకు, బాణీ కట్టినవాళ్లకు రాయల్టీ హక్కును గట్టిపరిచింది. కానీ కాగితం మీద పేరు లేనివాడికి చట్టం ఏమిస్తుంది? 'జానపదం' అని రాసిన చోట రచయిత మాయమవుతాడు. స్టూడియోలో డప్పు కొట్టిన మనిషి ఒక పూట కూలితో వెళ్లిపోతే, ఆ శబ్దం కంప్యూటర్‌లో శాంపిల్‌గా వంద పాటల్లో మోగుతుంది. అందుకే సమీక్షకుడు పాటతో పాటు క్రెడిట్ల జాబితానూ చదవాలి. ఎవరి పేరుందో, ఎవరి పేరు లేదో రాయాలి.

యూనివర్సిటీల్లో మన పిల్లలు పాట మీద పరిశోధన చేస్తున్నారు. ఆ థీసిస్‌లలో అధికభాగం సాహిత్య విశ్లేషణే. పాటను కాగితం మీద కవితగా చదువుతారు. చెవి పెట్టి వినండి. డప్పును మంట మీద కాచినప్పుడు స్వరం ఎంత బిగుస్తుందో, సిర్ర దెబ్బకూ సిటికెన పుల్ల దెబ్బకూ తేడా ఏమిటో మీ నాన్ననో, మామనో అడగండి. ఏ విదేశీ సంగీత పత్రికలోనూ దొరకని జ్ఞానం అది. దాంతో ఈ నెల వచ్చిన ఒక ఆల్బమ్‌ను విని వెయ్యి మాటలు రాయండి. బాగుంటే ఎందుకు బాగుందో, బాగోకపోతే ఎక్కడ దెబ్బతిందో మొహమాటం లేకుండా చెప్పండి. మన కళాకారులను సానుభూతి కోటాలోంచి బయటికి తెచ్చి సంగీతకారులుగా నిలబెట్టే దారి అదే.