కాస్త జిల్లుమంటుంది, అంతే!

"ఇంజినీరువి కదా, ఇంట్లో స్విచ్చి బాగుచెయ్యలేవా?" బీటెక్ చదివిన ప్రతివాడూ ఏదో ఒక పెళ్లిలో ఈ మాట పడే ఉంటాడు. నేను రోజంతా కోడ్ రాసుకునే మనిషిని. కోడ్‌లో తప్పుంటే సర్వర్ పడిపోతుంది, మళ్లీ లేపుకుంటాం. కరెంటు పనిలో తప్పుంటే పడిపోయేది మనిషి. అందుకే ఈ వారం ఎలక్ట్రీషియన్ ముచ్చట.

గుంటూరులో మా ఇల్లు కట్టి పాతికేళ్లు దాటింది. వాషింగ్ మెషీన్ వేసేముందు అమ్మ రబ్బరు చెప్పులు తొడుక్కునేది. ఎందుకమ్మా అంటే, "షాకేం కొట్టదురా, కాస్త జిల్లుమంటుంది, అంతే" అంది. ఈ 'అంతే' మీ ఇంట్లోనూ విని ఉంటారు. గీజరు ఆన్‌లో ఉండగా కొళాయి తిప్పితే జిల్లు, ఫ్రిజ్ తలుపు తీస్తే జిల్లు. మనకు అలవాటైపోతుంది.

నాన్న వీధి చివరి షాపు నుంచి ఒకతన్ని పిలిచారు. ప్లగ్గు విప్పి చూసి, "ఎర్త్ లేదండి. న్యూట్రల్ నుంచి చిన్న ముక్క లాగి ఎర్త్‌కి కలిపేస్తే సరిపోద్ది. 300 ఇవ్వండి" అన్నాడు. అలా చేస్తే ఆ పూటకి జిల్లుమనడం ఆగుతుంది, నిజమే. కానీ ఎప్పుడైనా న్యూట్రల్ వైరు తెగితే, మెషీన్ గుండా వచ్చిన కరెంటు ఆ ముక్క మీదుగా తిన్నగా మెషీన్ బాడీకే ఎక్కుతుంది. అప్పుడు చెయ్యి పెడితే తగిలేది 230 వోల్టులు. వద్దని పంపించేశాం.

తెలిసినవాళ్లు చెబితే రెండో ఆయన వచ్చారు. యాభై దాటి ఉంటాయి. పని మొదలుపెట్టే ముందు ప్రశ్నలు వేశారు. గీజరు ఎన్ని వాట్లు? ఏసీ ఇల్లు కట్టినప్పుడే ఉందా, తర్వాత పెట్టించారా? దానికి వేరే వైరు లాగారా? తర్వాత ఒక బల్బు హోల్డరుకి రెండు వైర్లు కట్టి ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య పెట్టి చూశారు. వెలగలేదు. ప్లగ్గులో మూడో కన్నం ఊరికే అలంకారం అన్నమాట! "గొయ్యి తియ్యాలి బాబూ, రెండ్రోజుల పని" అన్నారు.

పెరట్లో గొయ్యి తీయించి, జీఐ పైపు పాతి, చుట్టూ బొగ్గూ ఉప్పూ నింపి, అక్కణ్ణుంచి మెషీనుకీ, గీజరుకీ, ఫ్రిజ్‌కీ, ఏసీకీ ఆకుపచ్చ వైరు లాగారు. మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ పెట్టారు. బిల్లు చూసి నాన్న మొహం చిన్నబోయింది గానీ, అమ్మ చెప్పుల అవసరం తీరిపోయింది.

'ఎంసీబీ ఉందిగా, మళ్లీ ఇదెందుకు' అనకండి. లోడు ఎక్కువైనా, షార్టయినా ఆపేది ఎంసీబీ. అది వైరును కాపాడుతుంది. మనిషి ఒంట్లోంచి పారే కొద్దిపాటి కరెంటు దాని లెక్కలోకే రాదు. ఇళ్లలో పెట్టే ఆర్‌సీసీబీ 30 మిల్లీ యాంపియర్లు లీకైతే చాలు, ఠక్కున కట్టేస్తుంది.

మరి ఎవర్ని పిలవాలి? బల్బు, ఫ్యాను, స్విచ్చి మార్చడం వరకు పర్వాలేదు. కొత్తగా వైరింగ్ చేయించాలన్నా, ఉన్నదాన్ని మార్చాలన్నా రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సున్న కాంట్రాక్టరు ద్వారా, పర్మిట్ ఉన్న మనిషే చెయ్యాలని నిబంధనలున్నాయి. పర్మిట్ ఉందా అని అడగడానికి మొహమాటం వద్దు. మెయిన్ కట్టకుండా వైరు మీద చెయ్యి వేస్తున్నాడా, గమనించండి. గీజరు, ఏసీలకు ఏ వైరు వేస్తారో అడగండి. 2 కిలోవాట్ల గీజరు దాదాపు 9 యాంపియర్లు లాగుతుంది. లైట్ల కోసం వేసిన సన్న వైరుకి దాన్ని తగిలిస్తానంటే దణ్ణం పెట్టి పంపించండి. సాధారణంగా లైట్లకు 1.5, పవర్ ప్లగ్గులకు 2.5, ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వాడతారు. వైరు మీద ఐఎస్ఐ గుర్తు చూసి మీరే కొనుక్కోండి.

ఇంకోమాట. కూలి దగ్గర గీచిగీచి బేరమాడితే, ఆయన మిగుల్చుకునేది మనకు కనపడని గోడ లోపలే. పనికి తగ్గ డబ్బు ఇచ్చి, చేసింది చూపించమని అడగండి. వెళ్లేముందు ఆర్‌సీసీబీ మీదున్న టెస్ట్ బటన్ ఆయన ముందే నొక్కండి. కరెంటు పోవాలి. పోకపోతే పని ఇంకా పూర్తి కానట్టే, ఆయన్ని గుమ్మం దాటనివ్వకండి.