అంగారకునిపై ఎవరికి హక్కు?

హైదరాబాదు పాతబస్తీలోని యాకుత్‌పురా పరిసరాలలో తలాబ్‌కట్ట, తలాబ్ చంచలం అనే పేటలున్నాయి. ఉర్దూలో ‘తలాబ్’ అంటే చెరువు. నేడు అక్కడ ఇళ్ళు, దుకాణాలు, ఇరుకు వీధులే తప్ప ఆ పేర్లు సూచించే చెరువులు కానరావు. నీటికి నెలవైన నేలను మానవుడు తనకు నివాసయోగ్యం చేసుకున్నాడు. తలదాచుకోవడానికి చోటు వెతుక్కున్న పేదవానిని ఇందుకు నిందించడం న్యాయం కాదు. కాని నీరు తన పాత దారిని మరువదు. 2020 అక్టోబరులో కుండపోతగా వర్షాలు కురిసినప్పుడు యాకుత్‌పురాతో సహా పాతబస్తీలోని అనేక ప్రాంతాలు నీట మునిగాయి. పల్లె చెరువు, గుర్రం చెరువుల కట్టలు తెగి కాలనీలను వరద ముంచెత్తింది.

కొన్ని పేటలను నిర్మించడంలోనే ఇంత పొరపాటు జరిగితే, ఒక గ్రహాన్నే మార్చదలచినవారికి ఎంత ముందుచూపు ఉండాలి? అంగారక గ్రహాన్ని మానవ నివాసానికి అనువుగా మార్చాలన్న ఆలోచన ఈ ప్రశ్నను మన ముందు నిలుపుతున్నది.

అంగారకునిపై పగలూ రాత్రీ కలిసి దాదాపు 24 గంటల 40 నిమిషాలు. ధ్రువాల వద్ద మంచు ఉన్నది. అయితే అక్కడి వాయుపీడనం భూమిపై ఉన్నదానిలో నూరవ వంతుకన్నా తక్కువ. ఆ పలుచని గాలిలో సుమారు 95 శాతం కార్బన్ డయాక్సైడే. సగటు ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 60 డిగ్రీల సెల్సియస్. గ్రహాన్ని వేడెక్కించి, గడ్డకట్టిన వాయువును విడుదల చేసి, వాతావరణాన్ని చిక్కబరచి, ఆపై మొక్కలు పెంచవచ్చునని కొందరు శాస్త్రజ్ఞులు ఊహించారు. కాని అందుకు చాలినంత కార్బన్ డయాక్సైడ్ అక్కడ అందుబాటులో లేదనీ, నేటి సాంకేతిక పరిజ్ఞానంతో ఆ పని సాధ్యం కాదనీ 2018లో జకోస్కీ, ఎడ్వర్డ్స్ అనే శాస్త్రవేత్తలు తేల్చారు.

సాధ్యం కాని దానిని గురించి ధర్మాధర్మ విచారణ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. శక్తి చేతికి వచ్చిన తరువాత వివేకం కోసం వెతకడం, ఇల్లు కాలిన తరువాత బావి త్రవ్వడం వంటిది.

ఈ ప్రయత్నాన్ని సమర్థించేవారి వాదనను తోసిపుచ్చలేము. ఏదో ఒకనాడు పెద్ద ఉల్క తాకి భూమిపై విపత్తు సంభవిస్తే, మానవజాతి మరొకచోట మిగిలి ఉంటుందని వారంటారు. నిర్జీవమైన శిలల నడుమ ప్రాణాన్ని నాటడం పుణ్యకార్యమే కదా అని కూడా అంటారు. అయితే అంగారకుడు నిజంగా నిర్జీవమేనా? 2024లో పర్సెవరెన్స్ రోవర్ జెజెరో బిలంలో పరిశీలించిన ఒక శిలపై పురాతన సూక్ష్మజీవుల ఉనికిని సూచించగల ఆనవాళ్ళు కనిపించాయి. అవి జీవుల వలననే ఏర్పడినవని ఇంకా నిర్ధారణ కాలేదు. నిర్ధారణ కాకముందే గ్రహాన్ని మార్చివేస్తే, ఒక జీవజాతిని ఎరుగకుండానే అంతం చేసినవారమవుతాము. భూమి నుండి వెళ్ళిన సూక్ష్మజీవులు అక్కడ వ్యాపిస్తే, వాటిని వెనుకకు పిలువలేము. జీవం కంటికి కనిపించనంత చిన్నదైనంత మాత్రాన దాని హక్కు చిన్నది కాదు.

అక్కడ జీవం లేదని రుజువైందనుకుందాం. అప్పుడైనా నిర్ణయించవలసినది ఎవరు? ధనబలం గల సంస్థలా? బలమైన దేశాలా? అంతరిక్షంలోని ఏ ఖగోళాన్నీ ఏ దేశమూ సొంతం చేసుకోరాదనీ, అంతరిక్షాన్వేషణ సకల దేశాల మేలుకోసం జరగాలనీ 1967 నాటి అంతర్జాతీయ ఒప్పందం చెబుతున్నది. అందులో భారతదేశమూ భాగస్వామి. 2013లో శ్రీహరికోట నుండి బయలుదేరిన మంగళయాన్ 2014లో అంగారక కక్ష్యలో ప్రవేశించింది. కనుక ఈ చర్చలో మన దేశపు గొంతుకూ స్థానమున్నది.

హైదరాబాదు చరిత్రే ఈ విషయంలో ఒక దారి చూపుతున్నది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వేలాది ప్రాణాలను బలిగొన్నది. మరుసటి ఏడు నగర రక్షణకు ఉపాయం సూచించడానికి వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య ముందుగా నది స్వభావాన్ని అధ్యయనం చేశారు. నీటిని శత్రువుగా భావించక, ఎగువన దానికి నిలిచే చోటు కల్పించాలన్నారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ అలా రూపొందాయి. అవి వరదను నిలువరించడమే కాక నగరానికి త్రాగునీటిని కూడా అందించాయి.

ఏ చోటునైనా మార్చబూనేవాడు ముందు ఆ చోటును తెలుసుకోవాలి. అంగారకుని విషయంలో నేటి కర్తవ్యం పరిశోధనే గాని ఆక్రమణ కాదు. గాలి, నీరు, నేల ఉచితంగా లభించిన ఈ భూమిపై ఒక చెరువును కాపాడలేనివారు, అవేవీ లేనిచోట కొత్త లోకాన్ని ఎలా నిలబెట్టగలరు? యాకుత్‌పురాలో కురిసిన వానకు దారి చూపగలిగిన నాడే మానవునికి మరో గ్రహాన్ని గురించి మాట్లాడే అర్హత లభిస్తుంది.