“రాలేం” అన్న మాటను దాచొద్దు

మేము అమెరికాలో హెలికాప్టర్ అంబులెన్సుల్లో పనిచేస్తున్న తెలుగు నర్సులం, పారామెడిక్కులం. కిందటి నెల ఒక రాత్రి రెండు గంటలప్పుడు, దారిలో మంచు పడేలా ఉందని చూసి, మాలో ఒకామె “నేను ఎక్కను” అంది. హెలికాప్టర్ లేవలేదు. వారం తర్వాత ఆ రాత్రి మీద భద్రతా సమీక్ష పెట్టారు. పైలట్‌ని పిలిచారు, మెకానిక్‌ని పిలిచారు, బీమా వాళ్ళనూ పిలిచారు. ఆమెను పిలవలేదు. ఎందుకని అడిగితే “ఇది విమానయాన విషయం, మీది వైద్యం” అన్నారు. ఆ మాటకు మా జవాబు ఈ ప్రణాళిక.

మేము సిబ్బంది కామట. ఒకప్పుడు మాత్రం సిబ్బందిమయ్యాం. రోగి లోపల ఉన్నంతసేపు, డబ్బు తీసుకుని జనాన్ని మోసే విమానాలకుండే కఠినమైన పార్ట్ 135 నియమాలు నడిచేవి. రోగిని దించగానే, లేదా రోగి కోసం బయల్దేరినప్పుడు, మమ్మల్ని ప్రయాణికులుగా కాక సిబ్బందిగా లెక్కగట్టి, సాధారణ ప్రయాణాలకుండే పార్ట్ 91 కింద తక్కువ వాతావరణ ప్రమాణాలతో ఎగరనిచ్చారు. 2002 జనవరి నుంచి 2005 జనవరి దాకా జరిగిన 55 ఎయిర్ అంబులెన్స్ ప్రమాదాలను అమెరికా రవాణా ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ పరిశీలించింది. పోయినవాళ్ళు 54 మంది. ఆ 55లో 35 ప్రమాదాలు రోగి లేకుండా, మాలాంటి వాళ్ళతో వెళ్తున్నప్పుడు జరిగినవే. చావడానికి సిబ్బందిమై, మాట్లాడటానికి కాకుండా పోయామా?

2008 సంగతి ఈ రంగంలో ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. అరిజోనాలోని ఫ్లాగ్‌స్టాఫ్‌లో ఒకే ఆసుపత్రికి వస్తున్న రెండు హెలికాప్టర్లు ఢీకొని ఏడుగురు పోయారు. మేరీల్యాండ్‌లో హెలికాప్టర్ కూలి నలుగురు పోయారు. ఆ తర్వాత, 2014లో, అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ నియమాలు వచ్చాయి. నేల దగ్గరపడితే హెచ్చరించే పరికరం, బయల్దేరే ముందు ప్రమాద అంచనా, మేము లోపలున్నంతసేపూ పార్ట్ 135. 2008 అంత ఘోరమైన ఏడాది మళ్ళీ రాలేదు. ఆ నియమాల విలువ మాకు తెలుసు, వాటికోసం పోరాడినవాళ్ళకు రుణపడి ఉన్నాం. కానీ ఎదురుగా కొండ ఉందని చెప్పే పరికరం, మనకంటే ముందు ఇద్దరు ఈ ప్రయాణం వద్దనుకున్నారని చెప్పదు.

2019 జనవరి 29, ఒహాయోలోని జలెస్కీ. రెండు సంస్థలు వాతావరణం చూసి రాలేమన్న రోగి కోసం మూడో సంస్థ హెలికాప్టర్ లేచింది. మంచుజల్లులో చిక్కుకుని అడవి కొండను ఢీకొంది. లోపలున్న ముగ్గురూ చనిపోయారు. దర్యాప్తు ఆ సంస్థ భద్రతా సంస్కృతినే తప్పుపట్టింది. ముందు వచ్చిన ఆ రెండు “రాలేం”లు మూడో హెలికాప్టర్‌ను ఆపలేకపోయాయి.

అందుకే మా ప్రధానమైన డిమాండు ఇదొక్కటే. వాతావరణం వల్ల ఒకరు ప్రయాణం నిరాకరిస్తే, ఆ కబురు సమయంతో, కారణంతో సహా ఆ ప్రాంతంలోని ప్రతి సంస్థకూ ఆ క్షణమే చేరాలి. ఆసుపత్రి రెండో ఫోను చేస్తే మొదటి వాక్యం అదే కావాలి. దాచితే అది నియమ ఉల్లంఘన కావాలి. కాలం వృథా అవుతుందంటారు. ఒక్క వాక్యం చెప్పడానికి ఎంతసేపు? వ్యాపార రహస్యమంటారు. మబ్బు ఎవరి రహస్యం? రోగి ప్రాణం పోతుందంటారు. మేరీల్యాండ్‌లో పోయిన నలుగురిలో కారు ప్రమాదం నుంచి బతికి హెలికాప్టర్ ఎక్కిన అమ్మాయి ఉంది. రోడ్డు మీద వెళ్ళే అంబులెన్సు ఆలస్యంగానైనా చేరుతుంది.

“రాలేం” అన్నవాళ్ళను పిరికివాళ్ళనడం ఆగే రోజు వస్తుంది. ఆ మాట ఒక పైలట్ నోట పుట్టి, కొండల మీదుగా ప్రతి హెలిప్యాడ్‌కూ మంచుకంటే ముందే చేరుతుంది. ఆ రాత్రి ఏ ఇంటి తలుపూ తెల్లవారుజామున చావు కబురుతో ఎవరూ తట్టరు. ఆ రోజు కోసమే మేము నిలబడ్డాం, కూర్చోబెట్టినా కూర్చోం.

మిగిలినవి క్లుప్తంగా. పైలట్, నర్సు, పారామెడిక్ ముగ్గురూ సరేనంటేనే హెలికాప్టర్ లేవాలి. జాలితో కాక వాతావరణం చూసే నిర్ణయించేలా, రోగి పసిపిల్లో పండుముసలో పైలట్‌కు తెలియకూడదు. ప్రతి సమీక్షలో మాకు కుర్చీ ఉండాలి. 2015లో కొలరాడోలోని ఫ్రిస్కోలో హెలికాప్టర్ కూలి ఇంధనం అంటుకుంది. పైలట్ చనిపోయాడు, ఇద్దరు నర్సులు తీవ్రంగా గాయపడ్డారు, వాళ్ళలో ఒకరు ఘోరంగా కాలిపోయారు. దెబ్బకు పగలని ఇంధన ట్యాంకు ఉండాలన్న 2018 చట్టం కొత్తగా తయారయ్యేవాటికే వర్తించింది. పాతవాటికీ వర్తించాలి.

ఇదంతా తెలుగులో ఎందుకంటే, ఈ సేవ మన దేశంలోనూ మొదలైంది. 2025 మే 17న రిషీకేశ్ ఎయిమ్స్ హెలికాప్టర్ అంబులెన్సు కేదార్‌నాథ్‌లో దిగుతూ దెబ్బతింది. లోపలున్న ముగ్గురూ బతికారు. ఇది చదివే డాక్టర్లకూ, ఆసుపత్రుల వాళ్ళకూ మా విన్నపం: హెలికాప్టర్ కోసం రెండో నంబరుకు ఫోను చేస్తున్నప్పుడు, మొదటివాళ్ళు ఎందుకు రాలేమన్నారో ముందు చెప్పండి.