సంపాదకుని మాట: పాత తీర్పులు చాలని చోట

లా పట్టా చేతికొచ్చాక మళ్లీ ఎల్‌ఎల్‌ఎం ఎందుకు, ఆత్మకూరు కోర్టులో ఓ సీనియర్ దగ్గర చేరితే పని అదే వస్తుందంటారు. భూతగాదాలకు, చెక్కు కేసులకు ఆ మాట చెల్లుతుంది. కార్మిక చట్టానికి ఇప్పుడు చెల్లదు. 2025 నవంబరు 21న 29 పాత చట్టాల స్థానంలో నాలుగు కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. నిర్ణీత కాలానికి తీసుకున్న ఉద్యోగికి గ్రాట్యుటీ ఐదేళ్లకు కాదు, ఏడాదికే. ఫ్యాక్టరీలో లేఆఫ్‌కు, తొలగింపుకు ప్రభుత్వ అనుమతి అడగాల్సిన కనీస సిబ్బంది సంఖ్య 100 నుంచి 300కు పెరిగింది. యాప్ చెప్పిన చోటికి తిండి చేరవేసే కుర్రాడు తొలిసారి చట్టానికి కనిపించాడు, అదీ సామాజిక భద్రత మేరకే. వీటిపై నేర్చుకుందామన్నా సీనియర్ల బీరువాల్లో తీర్పులేవి?

చేజర్ల, ఉదయగిరి మెట్టలో ఫ్యాక్టరీలెక్కడ, కూలీలు ఫీజెక్కడిస్తారు అన్నది మరో అభ్యంతరం. ఫ్యాక్టరీ ఇక్కడ లేకపోయినా అందులో పనిచేసేవాళ్లు ఇక్కడివాళ్లే కావచ్చు. రావలసిన జీతం బెంగళూరులోనో కువైట్‌లోనో చిక్కుకుంటుంది. ఏ చట్టం వర్తిస్తుందో, దరఖాస్తు ఎక్కడ పెట్టాలో తేల్చడానికే చదువు కావాలి. ఫీజు సంగతి మాత్రం నిజమే, ఇది డబ్బున్న దారి కాదు. అయినా డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివిన వి.వి.గిరి రైల్వే కార్మికుల సంఘాలు కట్టారు. మద్రాసులో లా చదివిన దామోదరం సంజీవయ్య కేంద్ర కార్మిక మంత్రిగా ఉండగా 1965 బోనస్ చట్టం వచ్చింది. ఆయన పేరిట విశాఖలో ఉన్న న్యాయ విశ్వవిద్యాలయంలో ఎల్‌ఎల్‌ఎం చేయాలంటే క్లాట్ పీజీ రాయాలి.