బొమ్మ చూచేవారికి అర్థమైనదా?



"మా అమ్మాయి డిజైను చదువుతానంటున్నది. బొమ్మలు గీస్తే అవి కూడు పెడతాయా?" ఇంటర్ ఫలితాలు వచ్చే దినములలో మన కుటుంబాలలో ఈ మధ్య తరచుగా వినబడే ప్రశ్న ఇది. బొంరాస్‌పేట, కొడంగల్, తాండూరు వైపు పల్లెలలో ఈ మాట అడిగే తల్లిదండ్రుల భయము మాకు తెలుసు. కంది చేను, పత్తి చేను మీద వచ్చిన దానితో పిల్లలను చదివించేవారికి ఒక్క సంవత్సరము వృథా అయినా అది పెద్ద నష్టమే. కాబట్టి ఈ నెల ఆ చదువు ఏమిటో, దానివలన మన ఇండ్లకు కలిగే మేలు ఏమిటో కొంచెం నిదానంగా చెప్పుకొందాము.

మొదట ఒక అపోహ తొలగించాలి. డిజైను అంటే కేవలము అందముగా బొమ్మ గీయడము కాదు. ఒక వస్తువును చేతిలోనికి తీసుకొన్న మనిషికి అది ఎట్లా ఉపయోగపడుతుందో ముందుగా ఆలోచించి దానిని తయారుచేయడమే డిజైను. 1958లో చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అను అమెరికా దంపతులు మన ప్రభుత్వము పిలుపుమీద దేశమంతా తిరిగి ఒక నివేదిక వ్రాశారు. తాము చూచిన వస్తువులన్నిటిలోను వారు ఎక్కువగా మెచ్చుకొన్నది మన చెంబును! నీళ్లు ఎన్ని పట్టాలి, నడుముమీద ఎట్లా నిలవాలి, వంచితే ధార ఎట్లా పడాలి, తోమడము ఎంత సులువు కావాలి అనే సంగతులన్నీ తరతరాల వాడకములో కుదురుకొని ఆ ఆకారము వచ్చినదని వారి భావము. ఆ నివేదిక తరువాత 1961లో అహ్మదాబాదులో జాతీయ డిజైను సంస్థ ఏర్పడినది. మన అవ్వలు బావి దగ్గర వాడిన చెంబు ఈ చదువుకు మొదటి పాఠమైనదంటే ఆశ్చర్యమే గదా!

ఇప్పుడు పిల్లలు 'యూజర్ ఎక్స్‌పీరియెన్స్' అని ఒక మాట చెప్పుచున్నారు. వాడేవాని అనుభవము అని దాని అర్థము. 1990వ దశకములో యాపిల్ కంపెనీలో పనిచేసిన డొనాల్డ్ నార్మన్ అనే శాస్త్రవేత్త దీనిని ప్రచారములోనికి తెచ్చాడు. ఆయన చెప్పినదాని సారాంశము తేలికైనది. తలుపును లాగాలో నెట్టాలో తెలియక మనిషి తడబడితే తప్పు మనిషిది కాదు, తలుపుది. మన బోరు మోటారు స్టార్టరు డబ్బా చూడండి. పచ్చ బొత్తాము నొక్కితే నడుస్తుంది, ఎర్రది నొక్కితే ఆగుతుంది. రాత్రివేళ కరెంటు వచ్చినప్పుడు చదువురాని రైతు కూడా టార్చిలైటు వెలుగులో పొరపాటు లేకుండా నడపగలడు. అది మంచి అనుభవము.

బొమ్మ ఎంత పెద్ద పని చేయగలదో మన దేశపు ఎన్నికలే సాక్ష్యము. 1951-52లో మొదటి సాధారణ ఎన్నికలు జరిగినప్పుడు దేశములో అక్షరాస్యులు నూటికి సుమారు 18 మంది మాత్రమే. పేరు చదవలేని కోట్లమంది ఓటు ఎట్లా వేయాలి? అందుకే ప్రతి అభ్యర్థికి వేరు పెట్టె, ఆ పెట్టె మీద గుర్తు. జోడెద్దులు అంటే ఫలానా పార్టీ అని పల్లెలో అందరికీ తెలుసు. ఎన్నికల సంఘములో పనిచేసిన ఎం.ఎస్. సేథీ అను చిత్రకారుడు కుర్చీ, సైకిలు, గాలిపటము వంటి నిత్య జీవితపు వస్తువులను పెన్సిలుతో గీసి ఎన్నో గుర్తులను అందించాడు. ఆయన గీతలో హంగు లేదు. దూరమునుండి చూచినా, మసక అచ్చులో చూచినా గాలిపటము గాలిపటమే. తరువాత ఓటు యంత్రము వచ్చినది. దాని తయారీలో మన హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. సంస్థకు భాగము ఉన్నది. గుర్తు పక్కన నీలి బొత్తాము, నొక్కగానే ఎర్రదీపము, ఆపైన కూత. ఇప్పుడు ఏడు క్షణములపాటు చీటి కూడా కనబడుతుంది. 2015నుండి అభ్యర్థుల ఫోటోలు కూడా చేర్చారు. చదువు రానివారికి 'నా ఓటు పడినది' అనే నిశ్చయము ఇవ్వడమే వీటన్నిటి ఉద్దేశము.

మాకు తెలిసిన ఒక అమ్మాయి ఇట్టి చదువే చదువుచున్నది. సెలవులకు బొంరాస్‌పేట మండలములోని తన ఊరికి వచ్చి, కాలేజీవారు ఇచ్చిన మూడు పనులను ఊరివారి మధ్యనే చేసినది. ఆమె నోటుపుస్తకము చూచిన తరువాత ఈ విషయములు మన కుటుంబాలకు చెప్పాలని తలంచాము.

మాత్రల చీటి

మొదటి పని మందుల వాడకము గురించినది. అక్షరాలు రానివారికి మాత్ర ఎప్పుడు వేసుకోవాలో బొమ్మలతో చెప్పాలి. ఆమె ఉదయానికి ఉదయించే సూర్యుని, మధ్యాహ్నానికి నడినెత్తి సూర్యుని, సాయంత్రానికి కొండ వెనుక సూర్యుని, రాత్రికి చంద్రుని చక్కగా గీసినది. కాలేజీలో అందరూ మెచ్చుకొన్నారు. ఊరిలో అవ్వకు చూపితే ఆమె, "బొమ్మ మంచిగున్నది గాని బిడ్డా, ఈ పొద్దు పొడుస్తున్నదా, గూకుతున్నదా?" అని అడిగినది. నిజమే! ఉదయానికీ సాయంత్రానికీ ఆమె గీసిన సూర్యుడు ఒక్కటే. చంద్రుని చూచి ఇంకొక పెద్దాయన, "ఇది పున్నమి నాడు వేసుకునే మందా?" అన్నాడు.

ఆ అమ్మాయి కాగితము చించివేసి మరల అడగడము మొదలుపెట్టినది. "పొద్దున అంటే నీకు ఏమి గుర్తుకు వస్తుంది అవ్వా?" అంటే కోడి, వాకిలి ఊడ్చడము అన్నది. మధ్యాహ్నము అంటే చేను దగ్గర సద్ది విప్పడము. సాయంత్రము అంటే పశువులు ఇల్లు చేరడము. రాత్రి అంటే మంచము. చివరికి కోడి, సద్దిమూట, ఇంటిదారి పట్టిన ఆవు, మంచము అనే నాలుగు బొమ్మలు నిలిచాయి. అవి చూచినవారు మరల అడగలేదు.

ఇంకొక చిక్కు వచ్చినది. బొమ్మలు వరుసగా పెడితే మనము ఎడమనుండి కుడికి చూస్తాము. మన తాండూరు, కొడంగల్ ప్రాంతములో ఉర్దూ చదివినవారు ఎందరో ఉన్నారు. వారి చూపు కుడినుండి ఎడమకు నడుస్తుంది. అసలు చదువే లేనివారికి ఏ వైపునుండి అయినా ఒకటే. 1970వ దశకములో నేపాలు పల్లెలలో యునిసెఫ్ వారి ఆధ్వర్యములో జరిగిన పరిశీలనలో కూడా ఇదే తేలినది: వరుసగా పెట్టిన బొమ్మలను ప్రజలు అందరూ ఒకే దిక్కునుండి చూడరు. అందుచేత ఆమె బొమ్మలను వరుసగా గాక ఒకదాని క్రింద ఒకటిగా, పైనుండి క్రిందికి పెట్టినది. సండేస్కూలులో ఫ్లానెల్ బోర్డు మీద కథ చెప్పిన టీచరమ్మలకు ఈ సంగతి బాగా తెలుసు. ఒక బొమ్మ అంటించి, దాని మాట ముగిసిన తరువాతనే రెండవ బొమ్మ అంటిస్తారు.

పురుగుల మందు డబ్బా

రెండవ పని మనకందరికీ ముఖ్యమైనది. పురుగుల మందు డబ్బా మీద డైమండు ఆకారములో ఒక గుర్తు ఉంటుంది. 1971 నాటి క్రిమిసంహారక మందుల నియమాల ప్రకారము దాని క్రింది సగములోని రంగు విషము యొక్క తీవ్రతను తెలుపుతుంది. ఎరుపు అంటే అత్యంత విషపూరితము. పసుపు దాని తరువాతది, అదియు మిక్కిలి విషమే. నీలము మధ్యస్థము. పచ్చ తక్కువ విషము.

ఆ అమ్మాయి ఈ నాలుగు రంగుల చీటీలు చేసి, చేనుకు మందు కొట్టేవారి ముందు ఉంచి, ఎక్కువ ప్రమాదము నుండి తక్కువ ప్రమాదము వరకు పేర్చుమన్నది. ఎరుపును అందరూ మొదట పెట్టారు. మిగిలినవాటి దగ్గర చేతులు ఆగిపోయాయి. నీలము దేనికి గుర్తో ఎవరికీ తోచలేదు. పసుపు పండుగ రంగు, పెండ్లి రంగు, శుభము అనుకొన్నారు. పచ్చను చూచి, "ఇది పైరుకు మంచిది, దీనికి భయము లేదు" అని కొందరు అన్నారు. పచ్చ అంటే భయము లేదని కాదు. తక్కువైనా అది విషమే. గుర్తు వేసినవారు ఒక అర్థముతో వేశారు, చూచినవారు వేరొక అర్థము తీసుకొన్నారు. ఈ రెంటి మధ్య ఉన్న ఎడములోనే ప్రాణము ఉన్నది.

ఆమె కొత్త చీటి గీసినది. రంగులు తీసివేయలేదు, అవి చట్టము చెప్పినవి. కాని వాటి పక్కన పుర్రె గుర్తులు చేర్చినది: ఎరుపుకు నాలుగు, పసుపుకు మూడు, నీలానికి రెండు, పచ్చకు ఒకటి. లెక్కపెట్టడము అందరికీ వచ్చు గదా! అది కాలేజీ పని మాత్రమే, డబ్బాల మీదికి రాలేదు. అయినను ఆ నాలుగు రంగుల అర్థము మన ఇండ్లలో ఈ రోజే చెప్పుకోవచ్చును.

ఫోనులో డబ్బు

మూడవ పని ఫోనులో డబ్బు పంపడము. యు.పి.ఐ. పద్ధతి 2016లో వచ్చినది. ఇప్పుడు బొంరాస్‌పేట చాయ దుకాణములో కూడా చదరపు గళ్ల చీటి వ్రేలాడుతున్నది. దుకాణములోని చిన్న పెట్టె, ఇన్ని రూపాయలు వచ్చాయి అని తెలుగులో పలుకుతుంది. తెర చూడనక్కర లేదు, చదవనక్కర లేదు. ఆ అమ్మాయి దృష్టిలో ఊరివారి కొరకు జరిగిన మంచి డిజైను అదే.

కాని మోసము కూడా అక్కడే దూరినది. "మీకు డబ్బు పంపుతున్నాము, అందుకోవడానికి పిన్ నొక్కండి" అని దొంగలు ఫోను చేస్తారు. పిన్ అనేది మన ఖాతా నుండి డబ్బు పోవడానికే, రావడానికి ఎన్నడూ కాదు. డబ్బు అడిగే విన్నపమును డబ్బు వచ్చే కబురుగా చూపి ఎందరినో ముంచారు. చివరికి ఒక మనిషి ఇంకొక మనిషిని ఇట్లా డబ్బు అడిగే సదుపాయమును 2025 అక్టోబరు 1 నుండి నిలిపివేయాలని యు.పి.ఐ.ని నడిపే సంస్థ నిర్ణయించినది. ప్రజలకు ఎన్ని హెచ్చరికలు చేసినా చాలక, తలుపునే మార్చవలసి వచ్చినదన్నమాట.

ఈ పనిలో ఆమెను ఎక్కువగా బాధపెట్టిన సంగతి వేరు. పెద్దవారు అనేకులు తమ పిన్ నంబరును చీటి మీద వ్రాసి, ఎవరో ఒకరి చేతిలో ఫోను పెట్టి, "నాకు రాదు బిడ్డా, నువ్వే నొక్కు" అంటున్నారు. ఎందుకని అడిగితే, "మాకు చదువు లేదు, తప్పు మాదే" అన్నారు. జీవితమంతా లెక్క తప్పకుండా కూలి పంచిన చేతులు, పొదుపు సంఘము నడిపిన చేతులు ఒక గాజు తెర ముందు సిగ్గుపడుతున్నాయి. ఆమె తన నోటుపుస్తకములో దీనికి పరిష్కారముగా గీసినది చిన్న మార్పే: పిన్ అడిగే పేజీలో, బయటికి పోవుచున్న నోటు బొమ్మ, దాని క్రింద "మీ డబ్బు 500 రూపాయలు పోతున్నది" అనే పెద్ద అక్షరాలు, అదే మాట పలికే గొంతు.

తల్లిదండ్రులకు కొన్ని మాటలు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాము. ఈ చదువు కూడు పెడుతుందా? పెడుతుంది, కాని అందరికీ కాదు. ఈ క్రింది సంగతులు మనస్సులో ఉంచుకొనండి.

1. బొమ్మ బాగా గీసే చేయి ఉంటే మంచిదే. కాని ఎదుటివాని మాట ఓపికతో వినే గుణము దానికంటె ముఖ్యము. మీ బిడ్డ ఒక పని ఎందుకు కష్టముగా ఉన్నదని ప్రశ్నించే స్వభావము కలవాడైతే ఈ చదువుకు తగినవాడు.

2. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐ.ఐ.టి. హైదరాబాదులో డిజైను డిగ్రీ ఉన్నది. యుసీడ్ అను ప్రవేశ పరీక్ష వ్రాయాలి. ఇంటర్‌లో ఎం.పి.సి. మాత్రమే కాక ఇతర గ్రూపులవారు కూడా వ్రాయవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో జాతీయ డిజైను సంస్థ 2015లో మొదలైనది, దానికి వేరు పరీక్ష. హైదరాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయములో చిత్రకళ, అప్లైడ్ ఆర్ట్ కోర్సులు ఉన్నాయి. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ.

3. పెద్ద ఫీజు అడిగే ప్రైవేటు కాలేజీలో చేర్చేముందు, అక్కడ చదివి బయటికి వచ్చిన ఇద్దరు ముగ్గురితో మాట్లాడండి. రంగుల కరపత్రము చూచి అప్పు చేయవద్దు. కరపత్రము కూడా ఒక డిజైనే గదా!

4. ఇప్పుడు మాట చెబితే బొమ్మ గీసే యంత్రాలు వచ్చాయి, ఇక ఈ పిల్లలకు పని ఏమి ఉంటుందని కొందరు భయపడుతున్నారు. ఆ భయములో కొంత నిజము లేకపోలేదు. చెప్పిన బొమ్మను చెప్పినట్లు గీయడము మాత్రమే నేర్చినవారికి కష్టమే. కాని యంత్రము చంద్రుని ఎంత అందముగా గీసినా, ఆ పెద్దాయన దానిని పున్నమి అనుకొంటాడని దానికి ఎవరు చెబుతారు? అడగడానికి మనిషి వాకిట్లోనికి రావాలి.

చదువుచున్న పిల్లలకు ఒక మాట. మీ మొదటి పాఠశాల మీ ఇల్లే. మీరు గీసినది మీ టీచర్లకు చూపక ముందు మీ అవ్వకు, తాతకు చూపండి. వివరించవద్దు, మౌనముగా కూర్చొని చూడండి. వారి వ్రేలు ఎక్కడ ఆగినదో అక్కడ మీ పని మిగిలియున్నది.

ఇంటిపెద్దలకు ఒక మాట. ఈ వారములోనే ఇంటిలో ఉన్న మందు డబ్బా తీసి, దాని రంగు అర్థము అందరికీ చెప్పండి. దానిని పిల్లలకు అందనిచోట తాళము వేసి ఉంచండి. పిన్ డబ్బు పోవడానికే అనే సంగతి పెద్దవారికి నిదానముగా చెప్పండి. మోసము జరిగితే ఆలస్యము చేయక 1930 నంబరుకు ఫోను చేయించండి. అంతకంటె ముందు, అర్థము కాలేదని చెప్పిన వారిని కసురుకోవద్దు. "నాకు అర్థము కాలేదు" అనే మాట సిగ్గుపడవలసినది కాదు. ఆ అవ్వ ఆ మాట ధైర్యముగా అన్నందుననే ఆ చీటిలో సూర్యుని తీసి కోడిని పెట్టారు.