వేటగానికి మర్యాద

వేట యను మాట తెలుగున రెండు పనులకు చెల్లును. అడవిలో మృగమును కొట్టుటయు వేటయే. నిజాంపట్నము రేవునుండి వలగొని కడలిలోనికి బోవుటయు వేటయే. అయినను రాజ్యము ఈ రెంటిని సమదృష్టితో జూచినది కాదు. దొరతనమువారి కాలమున తుపాకి పట్టినవాని వేటకు వినోదమనియు క్రీడయనియు పేరు. వల పట్టినవాని వేటకు అట్టి మర్యాద లేకుండెను.

1972వ సంవత్సరమున రెండు దేశములు రెండు త్రోవలు త్రొక్కినవి. అమెరికా ఆ యేట వేటకును చేపలు పట్టుటకును ఒక జాతీయదినము నేర్పరచి, వేటగాండ్రను ప్రకృతి సంరక్షకులుగా గౌరవించినది. అచట తుపాకులపైనను తూటాలపైనను పన్ను విధించి వన్యప్రాణుల పోషణకు వినియోగించు చట్టము 1937లోనే వచ్చినది. భారతదేశము ఆ యేటనే వన్యప్రాణి సంరక్షణ చట్టమును జేసినది. 1991 సవరణతో లైసెన్సు పుచ్చుకొని వినోదమునకు వేటాడు పద్ధతి అంతరించినది. మన అడవులకు మన త్రోవయే తగినదని మా నిశ్చయము. కాని అమెరికావారి పద్ధతిలో నొక న్యాయము గలదు: రక్షణభారమును మోసినవానికే రక్షకుడను పేరు చెల్లవలెను.

ఈ న్యాయమునుబట్టి మన తీరమున ఆ పేరునకు అర్హులెవరు? ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని, తూర్పుతీరమున మరబోట్లకును మోటారు పడవలకును వేట నిషిద్ధము. 2015కు పూర్వము 47 దినములుగా నున్న యీ విరామము నేడు 61 దినములు. బాపట్ల, రేపల్లె ప్రాంతముల మత్స్యకారుడు ఆ రెండు నెలలు పడవను ఒడ్డున గట్టి కూర్చుండును. అచటి వేటగాడు పన్ను గట్టి పొందిన గౌరవమునకు ఇతడు కడుపు గట్టుకొని అర్హుడగుచున్నాడు.

ఇందులకు ప్రభుత్వమువారు కుటుంబమునకు 2019లో 10,000 రూపాయలును, 2025లో 20,000 రూపాయలును భృతిగా నిచ్చిరి. పెంపు మెచ్చదగినదే. అయినను లెక్కించి చూచిన దినమునకు 328 రూపాయలకు మించదు. అదియు ప్రభుత్వము మారగానే పేరు మారిన పథకమే గాని చట్టము కల్పించిన హక్కు కాదు. నిషేధము శాసనమై, భృతి దయాధర్మమై యుండుట న్యాయమా?

కావున భృతి నిషేధారంభముననే చేతి కందునట్లు శాసనము చేయవలెను. వేట నియమములను నిర్ణయించు సభలలో మత్స్యకారుల ప్రతినిధులకు స్థానమీయవలెను. నిషేధము నుల్లంఘించు పడవ యెంత పెద్దవానిదైనను శిక్ష తప్పరాదు. లేనిచో నియమము పాటించినవాడు నష్టపడి, మీరినవాడు లాభపడును.

తెనాలి బజారున చేపలు కొను గృహస్థునకును ఇందు పాలు గలదు. పిల్లచేపలను కొనువారు లేనిచో పట్టువారును ఉండరు. సముద్రమును కాచుట ఒడ్డునున్నవారి పనియేయని చదువుకొన్నవారు ఉపేక్షింపరాదు. పఠనమందిరములలో ఈ విషయమును చర్చించి, మూడు పట్టణములనుండియు శాసనసభ్యులకు విజ్ఞాపనలు పంపుడని మా పాఠకులను కోరుచున్నాము.