ఉత్తరముల పెట్టెకు తాళము

కృష్ణానగరులో దీపములు పెట్టు వేళ ఏ జిరాక్సు దుకాణము ముందైనను కొంతసేపు నిలిచినచో నొక దృశ్యము కనబడును. నటులు కాగోరు యువకులు, సహాయ దర్శకులు, కథను చంకనిడుకొని తిరుగు రచయితలు ఒకరి వెనుక నొకరు వచ్చి, దుకాణదారుని కంప్యూటరులో తమ ఈమెయిలును తెఱచి, ఫోటోలనో, కథా సంగ్రహమునో, ఆధారు కార్డు ప్రతినో అచ్చు వేయించుకొని, పది రూపాయలు చేతబెట్టి వెడలిపోవుదురు. తెఱచిన పెట్టెను మఱల మూసి పోవువారు వారిలో అరుదు. మొన్న మేము చూచుచుండగనే ఒక యువకుడు తన పాస్‌వర్డును బిగ్గఱగా చెప్పి దుకాణపు పిల్లవానిచే కొట్టించెను. వెనుక నిలిచిన నలుగురకును అది వినబడెను. అతని అభిమాన నటుని పేరును, అతడు పుట్టిన సంవత్సరమును కలిపినచో అతని సర్వస్వమునకును అదియే తాళపుచెవి యయ్యెను. ఇట్లు చేయవచ్చునా యని మేమడుగగా, నవ్వి, “మా దగ్గర దోచుకోడానికి ఏముందండీ? రెండు ఫోటోలు, నాలుగు ఉత్తరాలు!” అనెను.

ఈ మాట అతని యొక్కని మాట గాదు. విద్యావంతులు, ఆస్తిపరులు సయితము ఇదే చెప్పుదురు. పొరపాటంతయు నిందులోనే యున్నది. ఈమెయిలును మనవారు ఉత్తరముల పెట్టె యని తలచుచున్నారు. అది పెట్టె మాత్రమే కాదు, అత్తగారి మొలనుండు తాళముల గుత్తి వంటిది. ఇన్‌స్టాగ్రామున గాని, ఫేసుబుక్కున గాని, వర్తకుల అంగళ్లలో గాని పాస్‌వర్డు మఱచితి నన్నచో క్రొత్తదానిని పెట్టుకొనుటకు లంకె వచ్చునది ఈమెయిలునకే. బ్యాంకు లెక్కల కాగితములు వచ్చునదియు దానికే. కావున ఈమెయిలు చేజిక్కిన దొంగ తక్కిన తాళములను బ్రద్దలు కొట్ట నక్కఱలేదు. ఒక్కొక్క వాకిట నిలిచి “మఱచితిని” అని చెప్పిన చాలును.

ఇక ఆ యువకుడు తన కేమియు లేదనుకొన్న ఆస్తి యెట్టిదో చూతము. ఏండ్ల తరబడి కూడబెట్టిన ఫోటోలు, ఇన్‌స్టాగ్రామున సంపాదించిన అభిమానులు, ఎవరికిని చూపక దాచిన కథ, సంతకము చేసిన ఒప్పందము, పాన్ కార్డు, ఆధారు. వీనికంటె విలువైనది మఱియొకటి కలదు: తండ్రికి కుమారుని యందుగల నమ్మకము. తెనాలిలోనో భీమవరములోనో వడ్లమ్మిన డబ్బు ఇంటనున్న వేళ, కుమారుని ఈమెయిలు నుండియే, “నాన్నగారూ, షూటింగులో దెబ్బ తగిలినది, ఫోను పగిలినది, అమ్మకు చెప్పవద్దు, ఈ ఖాతాకు ఇరువది వేలు పంపుడు” అని ఉత్తరము వచ్చినచో, సందేహించు తండ్రి యెవ్వడు? కావున ఇది కృష్ణానగరు గదులలో నున్నవారి గొడవ యని గ్రామములోని పెద్దలు ఉపేక్షింపరాదు.

హ్యాకరు అనగానే చీకటి గదిలో యంత్రముల నడుమ కూర్చుండిన మేధావిని మనవారు ఊహింతురు. అట్టివారు లేకపోలేదు. వారు పెద్ద కోటలను పట్టుదురు. 2013లో యాహూ సంస్థపై పడిన దొంగలు మొత్తము 300 కోట్ల ఖాతాల వివరములను తస్కరించిరి. ఆ దొంగతనము లోకమునకు తెలిసినది 2016 డిసెంబరులో, దాని పూర్తి లెక్క తేలినది 2017లో. ఇట్లు ఒకచోట పోయిన పాస్‌వర్డును మనము వేఱొకచోట గూడ వాడుచున్నచో, రెండవ తలుపు దానంతట తెఱచుకొనును. అయినను సామాన్యుని యింటికి వచ్చు దొంగలలో పలువురు గోడ దూకరు. తలుపు తట్టి, లోపలివారిచేతనే గడియ తీయింతురు.

2016 మార్చిలో అమెరికాలో అధ్యక్ష పదవికి పోటీ చేయుచున్న హిల్లరీ క్లింటను గారి ప్రచార సంఘాధ్యక్షుడగు జాన్ పొడెస్టా గారికి గూగుల్ వ్రాసినట్లే ఒక ఉత్తరము వచ్చెను: మీ పాస్‌వర్డు పరులకు తెలిసినది, వెంటనే మార్చుకొనుడు, అని. పరిచారకులు నిపుణు నడిగిరి. ఆ నిపుణుడు “ఇది దొంగది” అని వ్రాయబూని ఒక్క పదము తప్పి “ఇది నిజమైనదే” అని వ్రాసెనట! అతడు గూగుల్ వారి సరియైన లంకెను గూడ పంపెను. దానిని విడిచి దొంగ లంకెనే నొక్కిరి. ఆ అక్టోబరున వేలాది ఉత్తరములు బజారున పడెను. నిపుణులు ప్రక్కనుండియు ఇట్లు జరిగినచో, ఒంటరిగా నొక గదిలో అవకాశము కొఱకు కన్నులు కాయలు కాచునట్లు ఎదురుచూచు యువకుని మాట యేమి? “మీ ఫోటోలు దర్శకునికి నచ్చినవి. పాత్ర వివరములకు ఈ లంకెను నొక్కి మీ జీమెయిలుతో లోనికి రండు” అని వచ్చిన సందేశమును అతడు అనుమానింపగలడా? ఆకలిగొన్నవానికి ఎరలోని గాలము కనబడదు. అతనిని నిందించుటకు మాకు మనసొప్పదు. అవకాశ మిచ్చువాడు ఫోటోలను చూడగోరును గాని పాస్‌వర్డును గాని, ఫోనునకు వచ్చిన ఓటీపీని గాని అడుగడు. ఎవడడిగినను వాడు దొంగ; వాడు చెప్పుకొను సంస్థ పేరెంత పెద్దదైనను సరే.

పాస్‌వర్డు పొడవుగా నుండవలెను, ఈమెయిలునకు దానిని ప్రత్యేకించి మఱి యెచటను వాడకుండవలెను. ఒకదానికొకటి పొంతన లేని నాలుగైదు తెలుగు పదములను ఆంగ్లాక్షరములలో చేర్చి వ్రాసినచో మనకు జ్ఞప్తి యుండును, పరులకు దొరకదు. దానికి తోడు రెండవ గడియ కలదు. పాస్‌వర్డు తెలిసినవానిని గూడ మన ఫోనులోని సంఖ్యను చెప్పిన గాని లోనికి రానీయని ఈ యేర్పాటు ఏండ్లుగా ఉచితముగా లభించుచున్నది. ఇందు కృష్ణానగరు వారికి ప్రత్యేకమైన చిక్కొకటి గలదు. చేత డబ్బులేక సిమ్మును విడిచి క్రొత్తది కొనుట యచట సామాన్యము. విడిచిన సంఖ్యను 90 దినములు గడచిన పిదప కంపెనీవారు మఱియొకరి కీయవచ్చును. ఈమెయిలు పాత సంఖ్యకే కట్టుబడి యున్నచో, మన గడియ పరుని చేతికి పోవుటయే గాక, మన యింటిలోనికి మనమే పోజాలకుందుము. కావున సంఖ్య మార్చిన దినముననే ఈమెయిలులోను మార్చవలెను. సాధ్యమైనచో ఎస్సెమ్మెస్సునకు మాఱు ఫోనులోనే సంఖ్యను పుట్టించు యాప్‌ను వాడుట మేలు. అత్యవసరమునకై ఈమెయిలు సంస్థ యిచ్చు సంఖ్యలను కాగితముపై వ్రాసి పెట్టె యడుగున దాచవలెను. ఈ విషయమున కాగితమే నేటికిని మంచి నేస్తము.

అచ్చు వేయించుటకు వేఱొక చిన్న ఈమెయిలును పెట్టుకొని, కావలసిన ప్రతిని మాత్రము దానికి పంపుకొని, దానినే దుకాణమున తెఱచుట యుక్తము. ఆధారు అడిగినచోట మొదటి యెనిమిది అంకెలు కప్పిన ప్రతి చెల్లునేమో కనుగొనవలెను. అట్టి ప్రతిని ఆధారు సంస్థవారే ఇచ్చుచున్నారు.

దొంగ ముందే లోనికి వచ్చి యుండిన నెట్లు తెలియును? 1844లో లండనున ప్రవాసియై యున్న ఇటలీ దేశభక్తుడు మాజినీ తన యుత్తరములను బ్రిటిషు ప్రభుత్వము తెఱచుచున్నదని యనుమానించెను. ఆయనయు మిత్రులును కవరులలో గసగసాలను, ఇసుక రేణువులను, వెండ్రుకలను పెట్టి తపాలాలో వేసిరి. కవరులు వచ్చెను, గసగసాలు రాలేదు! పార్లమెంటున పెద్ద కల్లోలము చెలరేగెను. (మన దేశమున 1898 నాటి తపాలా చట్టపు 26వ విభాగము దొరతనమువారికి ఉత్తరములను ఆపు అధికార మిచ్చెను. ఆ చట్టము పోయి 2023 నాటి చట్టము వచ్చినను అధికారము పోలేదు. అది వేఱు చర్చ.) నేడు మనకు గసగసాల శ్రమ లేదు. మన ఖాతా ఏయే యంత్రములలో తెఱచి యున్నదో చూపు పట్టిక ఈమెయిలులోనే కలదు. నెలకొకసారి చూచి, ఎఱుగని దానిని వెడలగొట్టవలెను. తెలివిగల దొంగ మనకు వచ్చు ఉత్తరముల ప్రతులు తనకు చేరునట్లు లోపల నొక ఆజ్ఞ వ్రాసి పోవును. పాస్‌వర్డు మార్చినను ఆ ఆజ్ఞ నిలిచియే యుండును. కావున దానినిగూడ వెదకి తుడిచివేయవలెను.

పరుని పాస్‌వర్డును మోసముతో వాడుట 2008లో ఐ.టి. చట్టమున చేర్చిన 66 సి విభాగము క్రింద నేరము. మూడేండ్ల వఱకు ఖైదు, లక్ష రూపాయల వఱకు జరిమానా. డబ్బు పోయినచో 1930 సంఖ్యకు అదే గంటలో తెలుపవలెను. ఆలసించిన కొలది డబ్బు చేతులు మాఱుచుండును.

అయితే భారమంతయు ఆ యువకునిపైననే మోపుట న్యాయము కాదు. నటులను వెదకు కార్యాలయములు తాము ఏ చిరునామా నుండి వ్రాయుదురో ముందుగానే ప్రకటింపవచ్చును గదా? తొలి పలుకరింపులోనే ఆధారు, పాన్ ప్రతులను అడుగుట యెందులకు? సినీ కార్మిక సంఘములు సభ్యత్వపు కార్డు నిచ్చు దినమున ఒక్క అరగంట ఈ పాఠమును చెప్పవచ్చును. జిరాక్సు దుకాణముల యజమానులు, మూసినంతనే సమస్తమును మఱచు కిటికీలోనే కంప్యూటరును తెఱచి యుంచవచ్చును. అందుకు వారికొక పైసా ఖర్చు లేదు. మేము ముగ్గురు యజమానులతో ప్రస్తావించితిమి. ఇద్దఱు అప్పుడే యంగీకరించిరి. మూడవవాడు తన దుకాణమున అట్టి దెన్నడును జరుగలేదని చెప్పుచుండగనే, ఆయన కంప్యూటరుపై ఎవరిదో ఈమెయిలు తెఱచియే యుండెను.